శ్రమ యంత్రానికి, మాట మనిషికి

కృత్రిమ మేధతో చిన్న వ్యాపారి నిలదొక్కుకునేదెలా?

భూదాన్ పోచంపల్లి: పోచంపల్లి, ఆలేరు, పుట్టపాక ప్రాంతాల చేనేత కుటుంబాలకు యంత్రం అనగానే రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. ఒకటి చేదు సంగతి. చేతిమగ్గం మీద రోజుల తరబడి నేసిన చీర డిజైనును ప్రింటింగు యంత్రం మీద గంటల్లో దింపి, పోచంపల్లి పేరే చెప్పి కారుచౌకగా అమ్మిన సంగతి అది. రెండవది తీపి సంగతి. అది ఆసు యంత్రం.

ఇక్కత్ చీరకు ముడులు కట్టి రంగు అద్దాలంటే ముందుగా పేక దారాన్ని ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ దారాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు ఆడాలి. నేత ఇళ్లలో ఈ పని ఎక్కువగా ఆడవారిదే. భుజాలు పట్టేసేవి, మోచేతులు లాగేసేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తన తల్లి లక్ష్మి పడే ఈ అవస్థ చూడలేక, చిన్నతనంలోనే బడి మానిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది.

ఈ రెండు యంత్రాలకూ తేడా ఏమిటి? మొదటిది నేతకారుని కళను ఎత్తుకుపోయి, ఆయనకు ఆకలిని మిగిల్చింది. రెండవది ఒంటి నొప్పిని మాత్రం తీసుకుని, కళను నేతకారుని చేతికే వదిలిపెట్టింది.

ఇప్పుడు మూడవ యంత్రం వచ్చింది. దీనికి పేరు కృత్రిమ మేధ. ఇది షెడ్డులో కాదు, జేబులోని ఫోనులోనే ఉంటుంది. చీరల దుకాణం, పచ్చళ్ల తయారీ, టిఫిన్ సెంటరు, మోటారు మెకానిక్ షెడ్డు — ఇలా చిన్న పెట్టుబడితో బతుకుతున్న ప్రతివారి ముందూ ఇవాళ ఒకటే ప్రశ్న. ఈ యంత్రం ప్రింటింగు యంత్రంలా పనిచేస్తుందా, ఆసు యంత్రంలా పనిచేస్తుందా? సమాధానం యంత్రంలో లేదు. దానికి ఏ పని అప్పగిస్తున్నారన్న దానిలో ఉన్నది.

జీతం అడగని గుమాస్తా

అమెరికాకు చెందిన ఓపెన్ఏఐ సంస్థ 2022 నవంబరు 30న చాట్‌జీపీటీని జనానికి అందుబాటులోకి తెచ్చింది. ఆ తరువాత గూగుల్ వారి జెమిని వంటివి వరుసగా వచ్చాయి. 2024 జూన్‌లో మెటా సంస్థ తన కృత్రిమ మేధను భారతదేశంలో వాట్సాప్‌లోనే పెట్టింది. అంతకు ముందే, 2022 జూలైలో, భారతీయ భాషల మధ్య అనువాదం కోసం కేంద్ర ప్రభుత్వం భాషిణి అనే వేదికను ప్రారంభించింది. వీటిలో చాలావాటిని కొంత మేరకు ఉచితంగానే వాడుకోవచ్చు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తాయి. టైపు చేయడం రానివారు నోటితో చెప్పినా అర్థం చేసుకునేవి ఉన్నాయి.

ఇంతకూ ఇది పనిచేసే తీరు ఏమిటి? కోట్లాది పుటల రాతను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టడం ఈ యంత్రానికి నేర్పారు. అందుకే దాని వాక్యం సాఫీగా సాగుతుంది. కాని సాఫీగా ఉన్నదల్లా నిజం కాదు. తెలియని సంగతిని అడిగినప్పుడు కూడా అది తడుముకోకుండా ఏదో ఒకటి అల్లి చెప్పవచ్చు. పైగా అది చదివిన రాతలో ఇంగ్లీషు పాలు చాలా ఎక్కువ, తెలుగు పాలు తక్కువ. పోచంపల్లి బజారులో ఫలానా దుకాణం ఏ రంగు చీరకు పేరుపడిందో, ఆ ఇంటి పెద్దావిడ ఏ నమూనాకు ముడులు కట్టడంలో దిట్టో దానికి తెలిసే దారి లేదు. ఎవరైనా చెబితేనే తెలుస్తుంది.

అంటే అది చురుకైన గుమాస్తా. చేతిరాత ముత్యాలకోవే. అయితే ఊరికి కొత్త, సరుకు తెలియదు, తెలియదని ఒప్పుకునే అలవాటు తక్కువ. అలాంటి గుమాస్తాను చేర్చుకున్న షావుకారు ఉత్తరాలు రాయిస్తాడు, లెక్కలు వేయిస్తాడు. గల్లాపెట్టె తాళం మాత్రం ఇవ్వడు. కృత్రిమ మేధ విషయంలోనూ ఈ లోకజ్ఞానమే చాలు.

అందరికీ ఒకే కలం

చిన్న వ్యాపారి ముందుగా ఈ యంత్రంతో రాయించుకునేది ప్రకటన. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. చీరల దుకాణానికి ప్రకటన రాయమని రెండు ముక్కల్లో అడిగితే వచ్చేది దాదాపు ఇలా ఉంటుంది: “సంప్రదాయ సౌందర్యానికీ ఆధునిక అభిరుచికీ అద్దం పట్టే మా అద్భుతమైన చీరలతో మీ ప్రతి వేడుకనూ చిరస్మరణీయం చేసుకోండి.”

వినడానికి బాగానే ఉన్నది. కాని పక్క దుకాణంవారు అడిగినా ఇటువంటిదే వస్తుంది. గద్వాలలో అడిగినా, వెంకటగిరిలో అడిగినా ఇంతే. చీరల మాట తీసి సోఫాల మాట పెట్టినా వాక్యం చెక్కు చెదరదు. అందరూ ఒకే కలంతో రాస్తే అందరి రాతా ఒకటే అవుతుంది. పదిమందిలో కనబడాలని మొదలుపెట్టిన పని పదిమందిలో కలిసిపోవడంతో ముగుస్తుంది.

అదే యంత్రానికి దుకాణదారు తనకు మాత్రమే తెలిసిన సంగతులు ముందుగా చెప్పాడనుకోండి. ఇక్కత్ పడుగులో ఉన్నదా, పేకలో ఉన్నదా, రెంటిలోనూ ఉన్నదా? ఎన్ని రంగులు అద్దారు? ముడులు కట్టడానికి ఎన్ని రోజులు, మగ్గం మీద ఎన్ని రోజులు పట్టింది? మొదటిసారి ఎలా ఉతకాలి? ఇవన్నీ ఇచ్చి, వీటికి మించి ఒక్క మాట కూడా కల్పించవద్దని చెబితే వచ్చే ప్రకటన వేరు: “ఈ చీరలో ఇక్కత్ పేకలో మాత్రమే ఉన్నది, పడుగు ఒకే రంగు. రంగులు కలిసే చోట అంచు కొద్దిగా చెదిరినట్టు కనబడుతుంది. అది లోపం కాదు, దారానికి ముందే రంగు అద్దినందువల్ల వచ్చిన గుర్తు. మొదటి రెండుసార్లు విడిగా చన్నీళ్లలో ఉతకాలి. ఇదే రకం మరొకటి కావాలంటే నెల రోజులు ఆగాలి.”

ఈ రెండవ ప్రకటనలో అలంకారం లేదు. అయినా కొనేవారు ఆగి చదివేది దీన్నే. ఇందులోని సంగతులు మరొక దుకాణంవారు రాయలేరు. రాస్తే అబద్ధమవుతుంది. యంత్రం వాక్యం దిద్దింది, విషయం మాత్రం దుకాణానిది. బంగారు పళ్లేనికైనా గోడ చేరువ కావాలంటారు. కృత్రిమ మేధ ఆ గోడ వంటిది. పళ్లెం మాత్రం ఎవరి ఇంటిది వారే తెచ్చుకోవాలి.

అచ్చు అంటే ముద్ర కాదు

పరాయి రాష్ట్రాలవారితో, విదేశాలవారితో బేరం చేసేటప్పుడు ఈ యంత్రం ఎంతో ఆదుకుంటుంది. ముంబయి వ్యాపారి హిందీలో, చెన్నై కొనుగోలుదారు తమిళంలో, అమెరికాలోని బంధువుల స్నేహితులు ఇంగ్లీషులో అడిగినా, తెలుగు తప్ప మరొకటి రాని నేతకారుడు స్వయంగా జవాబివ్వవచ్చు. ఇదివరకు ఆ మాట మధ్యవర్తి నోటినుంచి వెళ్లేది. మాటతోపాటు లాభంలో వాటా కూడా వెళ్లేది.

కాని వృత్తి మాటల దగ్గర జాగ్రత్త అవసరం. మగ్గానికి ఉండే అచ్చు అంటే పడుగు దారాలు దూరే దువ్వెన వంటి పరికరం. బయటి లోకంలో అచ్చు అంటే ముద్రణ. యంత్రం ఈ రెంటి మధ్య పొరబడితే, చేతితో నేసిన చీరను ప్రింటు చీర అని అమ్మేవారి తరఫునే చెప్పినట్టవుతుంది. పేక అన్న మాటకూ ఇదే చిక్కు. నేతలో అది అడ్డంగా వెళ్లే దారం, రచ్చబండ దగ్గర అది పేకాట. పట్టు, కొంగు, అంచు, చుక్క — ఒక్కొక్క మాటకు రెండేసి అర్థాలు ఉన్నాయి.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. తమ వృత్తిలోని నలభై యాభై మాటలకు హిందీ, ఇంగ్లీషు అర్థాలు తెలిసినవారిని అడిగి ఒక కాగితం మీద రాసుకుని, అనువాదం అడిగిన ప్రతిసారీ ఆ జాబితాను కూడా యంత్రానికి ఇస్తే సరిపోతుంది. వచ్చిన అనువాదాన్ని తిరిగి తెలుగులోకి మార్చమని మరో యంత్రాన్ని అడిగి చూసుకుంటే తప్పు చాలావరకు అక్కడే దొరికిపోతుంది.

అప్పగించదగిన పనులు

ఏ దుకాణంలోనైనా అలసట పుట్టించే పనులు కొన్ని ఉంటాయి. అవే ఈ యంత్రానికి తగినవి.

పాత బిల్లుల నుంచి లెక్క తీయడం వాటిలో మొదటిది. రెండు మూడేళ్ల అమ్మకాలను పట్టికగా రాసి ఇస్తే, శ్రావణ మాసంలో ఏ ధర చీరలు పోతున్నాయి, పెళ్లిళ్ల ముహూర్తాలు లేని నెలల్లో ఏ సరుకు నిలిచిపోతున్నది, దసరాకు ఎన్నాళ్ల ముందు గిరాకీ మొదలవుతున్నదీ అది విడదీసి చూపుతుంది. టిఫిన్ సెంటరు యజమాని ఏ వారం ఎంత పిండి రుబ్బితే ఎంత మిగిలిపోయిందో రాసుకుంటూ వస్తే, సంతరోజుకూ ఆదివారానికీ ఎంత తేడా పెట్టాలో తెలుస్తుంది. అయితే కూడికలు, శాతాలు రెండుచోట్ల కాలిక్యులేటరు మీద సరిచూసుకోవాలి. వాక్యాల్లో దిట్ట అయిన యంత్రం అంకెల్లో తడబడవచ్చు.

రెండవది ఉత్తర ప్రత్యుత్తరాలు. బ్యాంకుకు దరఖాస్తు, సరుకు ఆలస్యమైనందుకు సరఫరాదారుకు లేఖ, ఎగ్జిబిషన్‌లో స్టాలు కోసం అర్జీ — వీటికి ముసాయిదా రాయించుకోవచ్చు. ఇంగ్లీషులో వచ్చిన పన్ను నోటీసు సారాంశం తెలుగులో చెప్పించుకోవచ్చు. సమాధానం పంపేముందు మాత్రం లెక్కలు చూసే ఆడిటరును అడగవలసిందే.

మూడవది రోజూ వచ్చే ఒకే రకం ప్రశ్నలు. దుకాణం ఎన్ని గంటలకు తెరుస్తారు, కొరియర్ పంపుతారా, బస్సు దిగి ఎటు రావాలి — ఇటువంటివి రోజుకు ఇరవై వచ్చి, ఒక్కొక్కదానికి ఐదు నిమిషాలు పట్టినా వంద నిమిషాలు పోయినట్టే. నిజానికి దీనికి కృత్రిమ మేధ కూడా అక్కరలేదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో సిద్ధ సమాధానాలు పెట్టుకునే వీలు ఉన్నది. చిన్న కత్తితో తెగేదానికి గొడ్డలి ఎందుకన్న విచక్షణ కూడా ఈ విద్యలో భాగమే.

మిగిలిన వంద నిమిషాలు ఎటు పోతున్నాయన్నదే అసలు సంగతి. అవి వచ్చిన మనిషికి చీర విప్పి చూపడానికి, పాత కొనుగోలుదారును క్షేమమడగడానికి ఖర్చయితే వ్యాపారం పెరుగుతుంది. మరో వంద ప్రకటనలు తయారుచేయడానికి ఖర్చయితే పెరిగేది ఫోను బిల్లే.

కెనడా నేర్పిన పాఠం

అప్పగించరాని పనులూ ఉన్నాయి. ధర, గడువు, వాపసు షరతులు వాటిలో ముఖ్యమైనవి.

కెనడాలో జరిగిన ఒక సంఘటన ఇందుకు నిదర్శనం. 2022లో ఒక ప్రయాణికుడు తన కుటుంబంలో ఒకరు చనిపోయిన సందర్భంలో ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లో జవాబులిచ్చే యంత్రాన్ని రాయితీ గురించి అడిగాడు. టికెట్టు కొన్న తరువాత కూడా 90 రోజులలోగా రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చునని అది చెప్పింది. సంస్థ నియమం అది కాదు. డబ్బు వాపసు ఇవ్వబోమని సంస్థ అన్నది. ఆ యంత్రం చెప్పిన దానికి తమ బాధ్యత లేదని కూడా వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చింది. వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి మాటకూ సంస్థదే బాధ్యత అని తేల్చి, వడ్డీ, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమన్నది.

పెద్ద విమాన సంస్థకు ఆ సొమ్ము లెక్కలోనిది కాదు. చిన్న దుకాణానికి అటువంటి తప్పు ఒక్కటి చాలు. పెళ్లికి రెండు రోజుల ముందు చీర అందుతుందని యంత్రం మాట ఇచ్చి, చీర ఇంకా మగ్గం మీదే ఉంటే, ఆ పెళ్లివారు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. వారి వియ్యాలవారూ తొక్కరు. కనుక ధర, గడువు అడిగిన చోట యంత్రం జవాబు ఆపి, యజమాని నంబరు ఇచ్చేటట్టు ముందుగానే కట్టడి చేయాలి. కోపంతో వచ్చిన ఫిర్యాదుకు కూడా మనిషే జవాబు చెప్పాలి. అద్దకం రంగు వదిలిందని బాధపడుతున్నవారికి యంత్రం రాసిన నున్నని క్షమాపణ పుండు మీద కారమే.

ఆహార పదార్థాల తయారీదారులకు మరో హెచ్చరిక. ఉసిరికాయ పచ్చడికి ప్రకటన రాయమంటే యంత్రం ఉత్సాహంగా అది మధుమేహం తగ్గిస్తుందని రాసినా రాయవచ్చు. జబ్బు నయం చేస్తుందని ఆహారానికి ప్రచారం చేయడం 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనల ప్రకారం కుదరదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా విధించే వీలున్నది. రాసింది యంత్రమన్న సాకు చట్టం ముందు నిలవదు.

బొమ్మ ఒకటి, చీర మరొకటి

ఇప్పుడు కృత్రిమ మేధ బొమ్మలు కూడా గీస్తున్నది. చీర ఫొటో ఇస్తే దాన్ని అందమైన అమ్మాయి కట్టుకున్నట్టు, వెనుక కోట ఉన్నట్టు చూపుతుంది. ఖర్చు లేని మోడలింగు అని చాలామంది దీనివైపు మొగ్గుతున్నారు.

ఇక్కత్ విషయంలో ఇది ప్రమాదకరం. దారానికి ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు కనుక ఇక్కత్‌లో రంగుల సరిహద్దు గీత గీసినట్టు ఉండదు, ఈక అంచులా కొద్దిగా చెదిరి ఉంటుంది. చీరకు ముందూ వెనుకా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది. ప్రింటు చీరలో ఒకవైపు ముదురు, వెనుక వెలిసినట్టు ఉంటుంది. అసలును, నకిలీని పోల్చుకునే గుర్తులు ఇవే. యంత్రం బొమ్మను నునుపుచేసేటప్పుడు ఈ చెదురుడునే లోపమనుకుని సరిచేసి పెట్టవచ్చు. అప్పుడు అసలు చీర కాస్తా నకిలీలా కనబడుతుంది. నకిలీ చీర అమ్మేవారు తమ బొమ్మకు అదే చెదురుడు తెచ్చిపెట్టుకోగలరు. అరచేతిలో వైకుంఠం చూపడం ఇంత తేలికైన రోజుల్లో, పగటి వెలుతురులో తీసిన మామూలు ఫొటోకే విలువ పెరుగుతున్నది.

కొందరు వ్యాపారులకు తోచే మంచి ఉపాయాలు యంత్రంతో పనిలేనివి. చీర వెనుకవైపు ఫొటో ఒకటి, రంగుల అంచు దగ్గరినుంచి తీసినది ఒకటి, మగ్గం మీద ఉండగా తీసినది ఒకటి పంపడం వాటిలో ఒకటి. ఫొటోలో వెనుక గోడ శుభ్రం చేయడానికి, వెలుతురు సరిచేయడానికి కృత్రిమ మేధను వాడుకోవచ్చు. సరుకును మాత్రం ముట్టుకోనీయరాదు. మనిషి బొమ్మను యంత్రం గీసి ఉంటే ఆ సంగతి పక్కనే రాయడం మర్యాద.

పోచంపల్లి ఇక్కత్‌కు 2004–05 సంవత్సరంలో భౌగోళిక గుర్తింపు నమోదైంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో లభించింది. చేనేత మార్కు 2006 నుంచి అమలులో ఉన్నది. ఈ గుర్తులు నిజాయతీగా వాడుకునేవారికి పెట్టని కోట. యంత్రం రాసే వంద విశేషణాలకన్నా చీర మీది ఆ ఒక్క గుర్తు ఎక్కువ చెబుతుంది.

డిజైను ఎవరి సొత్తు?

కొత్త నమూనాలు సూచించమని కూడా ఈ యంత్రాన్ని అడగవచ్చు. రంగుల జోడింపులు వందల కొద్దీ చూపుతుంది. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో ముందే చూసుకుంటే వృథా అయ్యే అద్దకం తగ్గుతుంది. కాని తెరమీద గీసిన ప్రతి పువ్వూ దారం మీదికి రాదు. గ్రాఫు కాగితం మీద గళ్లుగా మారి, ముడులుగా మారి, అద్దకంలో నిలిస్తేనే అది ఇక్కత్. ఆ లెక్క ముడి కట్టేవారి వేళ్లకే తెలుసు.

ఇందులో మరో మెలిక ఉన్నది. ఇంట్లో తయారైన సొంత డిజైనును ఉచిత సర్వీసులోకి ఎక్కించేముందు, ఎక్కించిన బొమ్మలను కంపెనీ తన యంత్రానికి పాఠంగా వాడుకుంటుందా లేదా అన్నది సెట్టింగులలో చూసుకోవాలి. వద్దనే వీలు ఉంటే వద్దనాలి. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు కావాలంటే ఆ డిజైను కొత్తదై, అంతకుముందు ఎక్కడా ప్రచురించనిదై ఉండాలి. నమోదు చేయించాలనుకునేవారు ముందు ఆ పని చూసుకుని తరువాత ఫోనులో పెట్టడం మేలు.

కొనుగోలుదారుల పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు కూడా యంత్రానికి ధారపోయరాదు. లెక్క కావలసి వస్తే పేర్లు తీసేసి సంఖ్యలు ఇస్తే చాలు. వ్యక్తిగత సమాచార పరిరక్షణకు పార్లమెంటు 2023లోనే చట్టం చేసింది. ఇక దొంగ మెచ్చుకోళ్లు రాయించడం పూర్తిగా మానుకోవలసిన పని. ఆన్‌లైన్ అభిప్రాయాలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ప్రమాణం నిర్ణయించింది. అది అలా ఉంచినా, యాభై మంది ఒకే తీరులో మెచ్చుకుంటే చదివేవారు ఇట్టే పసిగడతారు. ఒక నిజమైన కొనుగోలుదారు వచ్చీరాని మాటల్లో చెప్పిన మంచి యాభైకి సమానం.

మొదలుపెట్టే పద్ధతి

కొత్తగా మొదలుపెట్టేవారు పది పనులు ఒకేసారి ఎత్తుకోరాదు. అన్నిటికన్నా విసుగు పుట్టించే పనిని ఒకదాన్ని ఎంచుకుని ఒక నెల చూడాలి. ముందు ఆ పనికి రోజుకు ఎంతసేపు పడుతున్నదో, ఇప్పుడు ఎంతసేపు పడుతున్నదో, తప్పులు ఎన్ని వచ్చాయో రాసుకోవాలి. లాభం కనబడితే రెండవ పని. కనబడకపోతే డబ్బు కట్టేదాకా పోనవసరం లేదు.

రెండవ మెట్టు అంగడి పుస్తకం. సరుకు వివరాలు, ధరలు, ఏది చేయగలరు, ఏది చేయలేరు, పండుగ సెలవులు, వాపసు షరతులు, వృత్తి మాటల జాబితా — అన్నీ నాలుగైదు పుటల్లో రాసుకోవాలి. యంత్రాన్ని ఏది అడిగినా ఈ పుస్తకం ముందుపెట్టి, ఇందులో లేనిది చెప్పవద్దని ఆజ్ఞాపించాలి. అయినా వచ్చినదాన్ని నమ్మి వదిలేయరాదు. బయటికి పోయే ప్రతి రాతనూ ఇంట్లో ఒకరు పైకి చదవాలి. దుకాణంలో కూర్చుని వచ్చినవారితో నోటితో అనలేని మాట ఏదైనా అందులో ఉంటే కొట్టివేయాలి. ఈ ఒక్క పరీక్షతో అరువు మాటలు చాలావరకు రాలిపోతాయి.

పుస్తకం రాసే పని పెద్దవారి దగ్గర కూర్చుని చేస్తే మరింత ప్రయోజనం. తాత ఏ ఆకుతో ఏ రంగు తీసేవాడు, ఫలానా నమూనాకు ఆ పేరు ఎందుకు వచ్చింది అన్నవి చాలా ఇళ్లలో నోటిమాటగానే మిగిలి, ఆ తరంతోనే పోతున్నాయి. చదువుకున్న మనుమరాలు ఫోనులో తాత మాట రికార్డు చేసి, యంత్రంతో రాతలోకి దింపించి, తప్పులు దిద్దితే అది వ్యాపారానికి పెట్టుబడి, ఇంటికి చరిత్ర.

పోటీ ఎవరితో?

2009–10 చేనేత గణనలో దేశంలో దాదాపు 43 లక్షల మంది నేత, అనుబంధ పనులవారు లెక్కకు వచ్చారు. 2019–20 నాటి నాలుగవ గణనలో ఆ సంఖ్య 35 లక్షల చిల్లరకు తగ్గింది. మగ్గం దిగినవారు కళ మీద విసిగి దిగలేదు, కూలి గిట్టక దిగారు. కృత్రిమ మేధ ఈ చిక్కును తీరుస్తుందని చెప్పడం అతిశయోక్తి. కాని చీర నేసిన చేతికీ, కట్టుకునే మనిషికీ మధ్య దూరం తగ్గించగల సాధనం ఇంత చౌకగా ఇదివరకు రాలేదన్నది వాస్తవం.

చౌకదనంలో, వేగంలో పెద్ద కంపెనీతో చిన్న దుకాణం పోటీపడలేదు. పెద్ద కంపెనీకి ఇంతకంటే పెద్ద యంత్రాలు ఉంటాయి. దానికి లేనిది ఒకటే. ఫలానా చీర ఎవరు నేశారని అడిగితే లేచి పిలిచి చూపించే మనిషి. పనిని తేలిక చేసుకోవడానికి యంత్రాన్ని పెట్టుకుని, ఆ మనిషిని ముందు గదిలో కూర్చోబెట్టిన దుకాణమే నిలబడుతుంది. ఆ మనిషిని తీసేసి యంత్రాన్ని కూర్చోబెట్టిన దుకాణానికి, పక్క దుకాణానికి తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు.